మిక్సీ ఇచ్చే దవాఖాన

దవాఖాన గేటు ముందు ఆటో దిగుతుండగానే ఎవరో యమున చెయ్యి పట్టుకున్నారు.

తిరిగి చూస్తే ఒక ముసలమ్మ. ఉతికిన నేత చీర, నుదుట పచ్చబొట్టు.

"బిడ్డా, దీంట్లకు పోకు. సర్కారు దవాఖాన దగ్గర్నే ఉన్నది. ముందుగాల ఆడ సూపించుకో."

"ఎందుకు పోవద్దు?"

"పోతే కోస్తరు బిడ్డా."

ఆటో నడిపే ఎల్లేశం నవ్వాడు. "ఆమె మాట ఇనకక్కా. వేరే దవాఖానోళ్లు పెట్టిన మనిషి. వచ్చినోళ్లను అటు గుంజుకపోతది."

యమున చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచింది.

కమాన్‌పూర్ నుంచి గోదావరిఖని దాకా ఆమెకు పైసా ఖర్చు కాలేదు. కొత్తగా పెట్టిన ఈ ప్రైవేటు దవాఖానే ఊరూరికీ ఆటోలు పంపుతోంది. పరీక్షలు ఫ్రీ. మధ్యాహ్నం భోజనం ఫ్రీ. సర్కారు ఆరోగ్య కార్డు ఉంటే ఆపరేషన్ కూడా ఫ్రీ, డబ్బు సర్కారే కడుతుంది. ఆపరేషన్ అయిన వాళ్లకు ఇంటికి పోయేటప్పుడు మిక్సీ. పక్కింటి రమ తెచ్చుకున్న మిక్సీని వాడకట్టంతా చూసి వచ్చింది.

సర్కారు దవాఖానకు పోతే లైన్లో నిలబడాలి. ఆ రోజు కూలి పోతుంది. పైగా కసురుకుంటారు.

ఇక్కడ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "అక్కా, మంచినీళ్లు తాగుతవా?" అని అడిగారు. యమునకు ప్రాణం లేచివచ్చింది. నడుము నొప్పి, తెల్లబట్ట గురించి మొహమాటం లేకుండా చెప్పుకుంది.

స్కానింగ్ చూసి పెద్ద డాక్టర్ మెత్తగా చెప్పాడు.

"గర్భసంచి పాడైందమ్మా. ఇప్పుడే తీసేస్తే మంచిది. ఆలస్యం చేస్తే క్యాన్సర్ అయితది."

ఆ మాట వినగానే యమున, బొగ్గుగని ఓపెన్‌కాస్టులో డ్యూటీలో ఉన్న భర్త జైపాల్‌కు ఫోన్ చేసింది.

"పెద్ద డాక్టరే చెప్పినంక ఇంకేం ఆలోచిస్తవ్? తీయించుకో. ఫ్రీయే గదా" అన్నాడు జైపాల్.

తీయించుకుంది.

మిక్సీ డబ్బాతో బయటికి వచ్చిన రోజు గేటు దగ్గర మళ్లీ ఆ ముసలమ్మే. డబ్బా వైపు చూసింది. తర్వాత యమున ముఖంలోకి చూసింది.

"కోసిన్రా బిడ్డా?"

యమునకు ఒళ్లు మండింది. "మనిషికెంత ఇస్తున్రవ్వా నీకు?"

ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగిపోయింది.

కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు యమున ఊరుకోలేకపోయింది.

"సార్, గేటు కాడ ఒక ముసలామె ఉంటది. వచ్చేటోళ్లను మర్లగొడ్తున్నది. మీ దవాఖాన పేరు ఖరాబ్ చేస్తున్నది."

రాస్తున్న డాక్టర్ చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"నేను చూసుకుంటలే అమ్మా."

మంచి చేసిన మనిషికి మంచే చేశాననుకుంది యమున.

వానలు వెనకపట్టేసరికి ఆమె ఒంట్లో నిప్పులు రాజుకున్నాయి. కూర్చుంటే చెమటలు. కలుపు తీయడానికి వంగితే లేవలేదు. ఎల్లేశాన్ని పిలిచింది.

"తమ్మీ, ఒకసారి దవాఖానకు తీస్కపో."

ఎల్లేశం తల గోక్కున్నాడు. "కొత్తోళ్లనే తెమ్మన్నరక్కా. ఆపరేషన్ అయినోళ్లను తెస్తే నాకేం రాదు."

బస్సెక్కి, సర్కారు దవాఖానకే పోయింది. లైన్లో నిలబడింది. లేడీ డాక్టర్ పాత స్కానింగ్‌ను వెలుతురుకు పట్టి చూసింది. మళ్లీ చూసింది.

"ఇది చూసేనా తీసింది?"

"అవును మేడం. లేకపోతే క్యాన్సర్ అయితదన్నరు."

"ఇందులో క్యాన్సర్ వచ్చే గుర్తులేం లేవమ్మా. నువ్వు చెప్పిన నడుము నొప్పి, తెల్లబట్ట ఉత్త ఇన్ఫెక్షన్. గోలీలు మింగితే పోయేది. అండాశయాలు కూడా తీసేసినట్టున్నరు, అందుకే ఈ మంటలు."

యమున ఆ స్కానింగ్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"మరి ఇప్పుడెట్ల మేడం?"

"తీసింది మళ్ల పెట్టలేం గదమ్మా."

బయటికి వచ్చిన యమున బస్టాండుకు పోలేదు. చేయి పట్టుకుని మరీ చెప్పింది ఒక్క మనిషి. ఆ మనిషిని ఏమందో గుర్తొచ్చి ప్రైవేటు దవాఖాన వైపు నడిచింది. ఒక్కసారి కనిపిస్తే కాళ్లు పట్టుకోవాలి.

ప్రైవేటు దవాఖాన ముందు ఆటోలు ఆగుతున్నాయి. ఆడవాళ్లు దిగి లోపలికి పోతున్నారు. ఆపేవాళ్లు ఎవరూ లేరు.

వాచ్‌మన్‌ను అడిగింది. "కాకా, ఈడ ఒక ముసలవ్వ ఉండేది..."

"ఆమె ఇగ రాదమ్మా."

"ఏమైంది? పాణం గిట్ట పోయిందా?"

"లేదు. ఇంట్ల పెట్టి బయటి నుంచి తాళమేస్తున్నరు. లోపల ఎవలో ఆమె మీద చెప్పిన్రంట."

ఆ చెప్పింది తనే.

"తాళమేసుడేంది? ఎవలేస్తున్నరు?"

"కొడుకే."

"కన్నతల్లికి తాళమేస్తడా? ఎవడు కాకా ఆ కొడుకు?"

వాచ్‌మన్ ఒకసారి వెనక్కి తిరిగి దవాఖాన అద్దాల తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకెవలమ్మా, మా పెద్ద డాక్టర్ సారే."