గుంతలో ఊరిన నీరు

"నిటారుగా పట్టుకోండి, మళ్లీ ఒరుగుతోంది!" సామ్రాజ్యం గుంతలో ఇటుక ముక్కలు కుక్కింది.

పూర్ణయ్య సిమెంటు స్తంభాన్ని గుండెకు ఆనించుకున్నాడు. పక్కనున్న రొయ్యల చెరువు తన వరిచేలోకి జరగకుండా ఈ కంచె ఆపుతుందని అతని ఆశ.

చెరువుగట్టు మీంచి ఆ చెరువు యజమాని మురళి నవ్వాడు. "ఎందుకు బావా ఈ యాతన? రేపు అవనిగడ్డ నుంచి పొక్లెయిన్ వస్తోంది. నీ చేనూ తవ్వించేద్దాం."

"నా చేలో వరే పండుద్ది."

గుంతలో నీరు ఊరి ఇటుకలు మునిగాయి. చేత్తో తోడిపోస్తున్న సామ్రాజ్యం పెదవి మీద చిందిన చుక్కను చప్పరించి ఆగిపోయింది.

"ఉప్పగా ఉందండీ."

"నీ చెమటేమోనే."

ఆమె దోసిలి పట్టి అతని నోటికందించింది. చెరువు నీరు నేల కిందనుంచి ఎప్పుడో వచ్చేసింది.

"మట్టి పొయ్యనా?"

పూర్ణయ్య స్తంభాన్ని వదల్లేదు.

"పొయ్యి," అన్నాడు.