పాలపళ్ల దవడ

అగ్గిపెట్టెలో దూది ఉంది, దవడ లేదు.

పద్మప్రియ గుడారమంతా రెండుసార్లు వెతికింది. గోరంత దవడ ఎముక అది. చండ్రుగొండ అవతలి అడవి వాగులో మూడేళ్లు మట్టి జల్లిస్తే దొరికింది ఆ ఒక్కటే. ఇరవై రెండు కోట్ల ఏళ్ల కిందట తిరిగిన ఎలుకంత జంతువుది. బ్రాసిలోడాన్ల కుటుంబం అంటారు. పాలిచ్చే జంతువులకు దగ్గరి చుట్టాలు, ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు. రేపు హైదరాబాద్ నుంచి పెద్ద శాస్త్రవేత్తలు వస్తున్నారు. దవడ చూపించకపోతే ఆమె మాట ఎవరూ నమ్మరు.

"నిన్న దీన్ని పెట్టెలో పెట్టిందెవరు?" అని అడిగింది.

"వనజ," అన్నాడు మేస్త్రీ పోతయ్య, తల దించుకుని. "ఏరింది గూడ ఆమెనే గద మేడం."

నిజమే. పనిలోకి వచ్చి నెల కూడా కాలేదు గానీ అలాంటి కన్ను ఇంకెవరికీ లేదు. మాట మాత్రం తక్కువ. నిన్న భూతద్దంలోంచి చూస్తూ మొదటిసారి నోరు విప్పింది.

"గిది పెద్దదా మేడం, పిల్లదా?"

"పిల్లదే. ఇవి పాలపళ్లు. ఇంకా పాలు మరవలేదు."

"తల్లి దొరికిందా?"

"లేదు. ఇదొక్కటే."

వనజ కొంగు గుండెలకు అదుముకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఎండదెబ్బేమోనని పద్మప్రియ ఆమెను ముందుగానే ఇంటికి పంపేసింది. అది గుర్తొచ్చి ఇప్పుడు ఒళ్లు మండింది. ఎవరికో అమ్మేసి ఉంటుంది! వాన మొదలైనా లెక్కచేయక, పోతయ్యను వెంటబెట్టుకుని వనజ గుడిసెకు వెళ్లింది.

వనజ గుమ్మంలోనే ఉంది. దాచలేదు, బుకాయించలేదు.

"అవ్ మేడం, నేనే తెచ్చిన."

"ఎవరికిచ్చావ్?"

"ఎవ్వలకియ్యలే. పాలు మరవని పిల్లంటిరి గద. ఒక్కతే అగ్గిపెట్టెల పడుండుడేంది? మా దగ్గర పసిపిల్లలు పోతే చూరు కింద పెడ్తం. చూరు నీళ్లు పడితే మళ్ల తల్లి కడుపుననే పుడ్తరంటరు."

చూరు నీళ్లు పడేచోట మట్టి కొత్తగా మెత్తి ఉంది. పద్మప్రియ కోపం సగం చల్లారింది. పాపం, అమాయకురాలు. ఎముక ఎటూ పోలేదు, అదే పదివేలు. సంచిలోంచి చిన్న తాపీ తీసి ఆ మట్టి ముందు కూర్చుంది. పోతయ్య మొహం తిప్పుకున్నాడు.

వనజ అడ్డుపడలేదు. వచ్చి పక్కనే తడిలో కూర్చుంది.

"మెల్లగ తవ్వుండ్రి మేడం, మా పిల్ల గూడ గక్కడ్నే ఉంది."