నిన్నటి పేజీ

“నిన్న నేను వచ్చానా, బాబూ?”

ధనుంజయ్ జిరాక్స్ మిషన్ మీంచి తలెత్తలేదు.

“వచ్చారు కదండీ. గంటసేపు కూర్చున్నారు.”

“టైప్ చేశానా?”

“చేసే ఉంటారు. నేను చూళ్ళేదు.”

తాతారావు మూల కుర్చీలో కూర్చుని ఖాళీ స్క్రీన్ వంక చూశాడు. తర్వాత మళ్ళీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు.

ఆయన మొదట వచ్చింది సోమవారం. ఎక్కడో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడట. పాత తెలుగు టైపింగుకి తప్ప ఆయన వేళ్ళు లొంగవు. ఆ సాఫ్ట్‌వేరేమో పాత విండోస్‌లో తప్ప తెరుచుకోదు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ కాలిపోయింది. బందరులో నాలుగు షాపులు తిరిగితే నలుగురూ నవ్వి పంపించారు.

ధనుంజయ్ పట్టుదలకి పోయి, కొత్త సిస్టమ్ లోపలే పాత విండోస్‌ని వేరే కంప్యూటర్‌లా నడిపించి చూపించాడు.

“అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటరన్నమాట!”

“అంతేనండి. తను ఇంకోదాని లోపలున్నట్టు దానికి తెలీదు. నిజం కంప్యూటర్నే అనుకుంటుంది.”

“మనుషుల్లోనూ ఉంటార్లే అలాంటివాళ్ళు,” అని నవ్వాడు తాతారావు.

షాపులో అన్ని సిస్టమ్‌లకీ చేసే పనే ధనుంజయ్ దీనికీ చేశాడు. మొదటిరోజు ఉన్నదున్నట్టు ఒక ఫొటో తీసినట్టు దాచిపెట్టాడు. షాపు కట్టేసేటప్పుడు ఒక్క నొక్కు నొక్కితే, లోపలి కంప్యూటర్ మళ్ళీ ఆ మొదటిరోజుకి వెళ్ళిపోతుంది. వైరస్‌లుండవు. ఎవరి చెత్తా మిగలదు. అలవాటు కాబట్టి చెయ్యి తనంతట తనే నొక్కేది.

ఆ వారం అతని మనసు షాపులో లేదు.

తమ్ముడు అయ్యప్ప ఏడాదిగా జైల్లో ఉన్నాడు. కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువు కాపలావాణ్ణి ఎవరో కొట్టి చంపారు. ముందురోజు ఆ మనిషితో గొడవపడింది అయ్యప్ప. చంపిన సాయంత్రం తను పెడనలో ఉన్నానని వాడు ఎంత మొత్తుకున్నా నమ్మినవాడు లేడు.

“సాక్షి దొరికాడయ్యా,” అన్నాడు వకీలు జనార్దనరావు ఫోన్లో. “గట్టి మనిషి. తేదీ, టైమూ, మీవాడి చొక్కా రంగూ నోటికి చెబుతున్నాడు. పేరు మాత్రం అడక్కు. అవతలివాళ్ళ చెవిన పడితే నిలవనివ్వరు. వచ్చే శుక్రవారం కోర్టులోనే చూద్దువుగాని.”

మర్నాడు తాతారావు వస్తూనే ఒక చిన్న నోటు పుస్తకం తెరిచి చూపించాడు.

“చూడు. ‘మొదటి పేజీ పూర్తి, సేవ్ చేశాను’ అని నా చేత్తో నేనే రాసుకున్నాను. పేజీ మాత్రం లేదు.”

“రాసుకోడం వేరు, చెయ్యడం వేరండీ. మా నాన్నా చివర్లో ఇంతే. అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఇంకా పెట్టలేదేమని మా అమ్మని తిట్టేవాడు.”

జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్ళు పకపకా నవ్వారు. తాతారావూ నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ నవ్వు ఇంకా వినిపిస్తుండగానే ధనుంజయ్‌కి తట్టింది. సాయంత్రం తన చెయ్యి నొక్కే నొక్కుకే ఆ పేజీ పోతోంది!

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ అంతమంది ముందు అన్న మాటని ఎలా మింగడం? తప్పుని తన చేతి మీంచి తీసి ఆ ముసలాయన వయసు మీద పెట్టడం ఎంత తేలికో చూసి అతనికే ఆశ్చర్యం వేసింది. ఇవాళ నొక్కకుంటే సరిపోతుంది. రేపొచ్చేసరికి పేజీ ఉంటుంది. ఆయన సంతోషిస్తాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

ఆ రోజు తాతారావు నాలుగు లైన్లే కొట్టి ప్రింటు అడిగాడు. రెండు కాపీలు.

“ఈ చారేమిటి బాబూ, అంచున?”

“ప్రింటర్లో డ్రమ్ము పాతదయిపోయిందండి. అక్షరాలకేం ఇబ్బంది లేదు.”

రెండింటి మీదా సంతకం పెట్టి, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెట్టు దిగబోతూ వెనక్కి తిరిగాడు.

“మీ నాన్నగారికి ఎన్నాళ్ళు పట్టింది, పూర్తిగా మర్చిపోడానికి?”

“రెండేళ్ళండి.”

“చెప్పి మంచిపని చేశావు.”

ఆ సాయంత్రం ధనుంజయ్ నొక్కలేదు. మర్నాడు మూల కుర్చీ ఖాళీగా ఉంది. ఆ మర్నాడూ అంతే.

శుక్రవారం సాక్షి రాలేదు. నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. యావజ్జీవం.

కోర్టు మెట్ల మీద జనార్దనరావు ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు.

“ఎదురు ప్రశ్నలకి తడబడకుండా అంతా వరసగా రాసుకు రమ్మన్నాను. ఇది రాసిచ్చాడు.”

“ఎవరండీ ఆయన? నేనెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. అప్పీలు చేద్దాం.”

“ఇలాంటిదే కోర్టుకీ పంపాడయ్యా. ఇక ఆయన వచ్చి ఏం చెప్పినా పైకోర్టులో నమ్మేదెవరు?”

ధనుంజయ్ మడత విప్పాడు. ఎడమ అంచున పైనుంచి కిందిదాకా సన్నటి బూడిదరంగు చార.

‘ఆ సాయంత్రం పెడన రైలు గేటు దగ్గర ఆగిపోయిన నా స్కూటరుని మెకానిక్ షాపుదాకా తోసిపెట్టిన కుర్రాడు అయ్యప్పేనని ఇన్నాళ్ళూ నాకు స్పష్టంగా గుర్తుంది గానీ, నిన్న ఓ పని చేశానో లేదో ఇవాళ తెలియని నా మతిని నమ్మి సాక్ష్యం చెప్పే ధైర్యం నాకిక లేదు.’