తడి గింజ

తన ఉద్యోగం ఊడగొట్టింది రీస్ హ్లాడీయేనని లైల్ ఒసాచక్ కాఫీ కొట్లో కూర్చున్నప్పుడల్లా తిట్టేవాడు.

రీస్ ఐస్ హాకీలో గోలీ, అంటే గోల్ కాచేవాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. లైల్ ఒక పెద్ద జట్టుకు కుర్రాళ్లను వెతికిపెట్టేవాడు.

జూన్‌లో జట్లన్నీ వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకుంటాయి; ఎంత ముందు ఎంచుకుంటే కుర్రాడికి అంత డబ్బు. గోలీని మొదటి వంతులోనే తీసుకోవాలా, ఆగాలా? ఆ ఏడు లైల్‌ని కుదురుగా ఉండనివ్వని సంగతి అదే.

మార్చిలో లైల్ రీస్ వాళ్ల పొలం ఇంటికెళ్లి అతని తల్లితో మాట్లాడాడు. ఆవులు ఈనే కాలం. తండ్రి కొట్టంలోంచి బయటికే రాలేదు.

మర్నాడు ప్రిన్స్ ఆల్బర్ట్ ఊళ్లోని మంచు రింక్‌లో రీస్ ఆట. గోల్ వెనక, అద్దానికి ఆనుకుని, ఆకుపచ్చ టోపీ మనిషి ఒకడు కూర్చున్నాడు.

"జరుగు పెద్దాయనా. అక్కణ్ణించి చూడాల్సింది నేను," అన్నాడు లైల్.

ఆయన జరిగాడు. ఆట చూస్తూనే అడిగాడు.

"ఈ కుర్రాణ్ణి ముందే పట్టుకుపోతారా?"

"పట్టుకుపోతే నీకేం?"

"నాలుగో వంతు దాకా ఆగండి. లేదా మానేయండి. ఒక్క గోల్ పడితే వాడు రెండ్రోజులు తిండి తినడు."

"గోలీకి తిండెందుకయ్యా? మీదికొచ్చే పక్ బిళ్లలు మింగితే చాలదూ?"

ఆయన నవ్వలేదు.

"తడి గింజ ఎప్పుడైనా గాదెలో పోశారా? పైకి బాగానే ఉంటుంది. లోపల్లోపల ఉడికి మాడిపోతుంది."

లైల్‌కి లోలోపల నవ్వొచ్చింది. ఇది పోటీ జట్టు ఎత్తు! మనల్ని వెనక్కి లాగి, వాళ్లు ఎగరేసుకుపోదామని. ఈ పనిలో ఎవడు నోరు విప్పినా అందుకే.

"ఎంతిచ్చారు నీకు?"

"ఎవరూ ఏమీ ఇవ్వలేదు."

"మరి నువ్వెవరు?"

"నేనన్నానని వాడికి మాత్రం చెప్పకండి."

టోపీ కిందికి లాక్కుని వెళ్లిపోయాడు.

జూన్‌లో పై అధికారి నెత్తి కొట్టుకున్నాడు. "గోలీకి మొదటి వంతులో తొమ్మిదో ఎంపికా? మతి పోయిందా లైల్?"

"పోటీవాళ్లు కాచుకు కూర్చున్నారు. తప్పయితే నా ఉద్యోగం తీసేయండి."

మొదటి ఏడే రీస్‌ని పెద్దవాళ్ల మధ్య నిలబెట్టారు. ఒక ఆటలో ఏడు గోల్స్ పడ్డాయి. సొంత జనమే ఈలలేసి గేలి చేశారు. రెండో ఏడు గోల్ పడ్డప్పుడల్లా తిండి మానేశాడు. మూడో ఏడు ఆట మధ్యలో మాస్కు తీసి మంచు మీద పెట్టి, వెళ్లిపోయాడు.

లైల్ ఉద్యోగం ఆ వారమే పోయింది.

కడుపుమంట చల్లారక, కుర్రాణ్ణి నాలుగు దులుపుదామని వాళ్ల పొలానికి కారు తోలాడు. గేటు మీద వేరే పేరుంది. తల్లి టౌన్లో అద్దె గదిలో దొరికింది.

"రీస్ లేడండీ. ఉత్తరాన గనిలో పనికెళ్లాడు."

"పొలం ఏమైంది?"

"మీరు మా ఇంటికొచ్చేసరికే బ్యాంకు నోటీసు వచ్చేసింది. జూన్ తర్వాత వాడు ఒప్పందం మీద సంతకానికి జట్టు ఇచ్చిన డబ్బంతా అప్పు తీర్చమని పంపాడు. వాళ్ల నాన్న ముట్టలేదు. 'వాడి భయాన్ని అమ్ముకుని నేను దున్నను' అన్నారు. పొలం వేలమైంది. ఈ చలికాలం ఆయనా పోయారు."

లైల్ తలెత్తాడు.

తలుపు పక్క మేకుకి ఆకుపచ్చ టోపీ వేలాడుతోంది.

తన కొడుకును తీసుకోవద్దని బతిమాలిన నాడు ఆ మనిషి వదులుకున్నది మూడు వందల ఇరవై ఎకరాలు.