యాడి

"ఈ పాప సుగాలీ అని నేనెట్ల నమ్మల్ల?" అన్నాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, నా మనవరాలు ఆశ్రిత దరఖాస్తును వేలితో నెట్టి. రేపటిలోగా ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వకపోతే దాని నర్సింగ్ సీటు పోతుంది.

"అద్దాల రైక తొడిగి ఆడించమంటావా సారూ?" అన్నాను. "ఆగస్టు పదిహేనుకు మీకు గుర్తొచ్చే సుగాలీలు అట్ల ఆడేవాళ్లే కదా!"

"టీచరమ్మా, నువ్వు గమ్మునుండు. పాప చెప్పల్ల. ఏం పాపా, మీ తండా భాషలో అమ్మను ఏమంటారు?"

ఆశ్రిత నా మొహం చూసింది. చెమటలు తుడుచుకుంది.

"చూస్తివా? భాషే రాకపోతే ఇంక కులం యాడిది?"

"సారే చెప్పినాడు కదే!" అన్నాను ఆగలేక. "యాడిదిలో చివరక్షరం తీసేయ్. యాడి. మా భాషలో అమ్మంటే అదే."

"నీకొచ్చు. సర్టిఫికెట్ కావాల్సింది నీకు కాదు" అని ఆయన ఎర్ర సిరాతో 'తిరష్కరించడమైనది' అని రాశాడు. అందులోనూ ఒక అక్షరం తప్పు.

మెట్లు దిగుతూ ఆయన ఏడు తరాలనూ తిట్టాను. ఆశ్రిత వినలేదు.

"అంత చిన్న మాట నాకెందుకు నేర్పలేదవ్వా?"

నేర్పే పనేముంది, అది దానికి వచ్చిన మొదటి మాట. టీచరు ఇంట్లో తండా కూతలేమిటని, మూడేళ్ల పిల్లను మూతి మీద కొట్టి మాన్పించింది నేనే.