తువ్వాలు కప్పిన మందార

విజయవాడలో ఇళ్లకు నీళ్లు కొలిచి వదిలే రోజులు వచ్చాక, మేడ మీద ఎవరి మడి వారిదే అయింది. కుండీలకు మాటలు కూడా వచ్చాయి. పరాయి చెయ్యి పడితే చాలు, పెంచినవారి గొంతుతో పలకరిస్తాయి.

సుభద్రమ్మ తన వంతు నీళ్లన్నీ బీరపాదుకూ వంగమొక్కలకూ పోసుకునేది. పూజకు మాత్రం పక్కింటి హైమవతి మందారాలే. కుండీ నోరెత్తకుండా తడి తువ్వాలు కప్పి, తెల్లవారుతూనే ఒక్కటీ మిగల్చకుండా కోసుకునేది.

"దేవుడి పూలకు దొంగతనం అంటదండీ," అనేది భర్తతో.

"అంటనిదానికి తువ్వాలెందుకే?" అని నవ్వేవాడాయన.

ఉగాది ఉదయం ఆమె ఒక పువ్వు తుంచగానే గాలికి తువ్వాలు జారిపోయింది. సుభద్రమ్మ దాన్ని అందుకోబోయింది. కానీ కుండీ అరవలేదు. హైమవతి గొంతుతో మెల్లగా అంది.

"పిన్నిగారూ, మీరేనా? కోసుకోండి. తువ్వాలు మాత్రం కప్పకండి, ఆ తడి బరువుకు మొగ్గలు రాలిపోతున్నాయి. ఈ ఏడు కూరపాదులు మానుకుని దీనికే నీళ్లు పోస్తున్నాం. మా అమ్మవారికీ ఒక్క పువ్వు ఉంచండి."

తుంచిన పువ్వు మళ్లీ కొమ్మకు అతకదు కదా. సుభద్రమ్మ దాన్ని హైమవతి గుమ్మంలో పెట్టి, తన పాదున వాడిపోతున్న బీరపువ్వు ఒకటి తెచ్చి రాముడి పటం ముందు ఉంచింది. "అన్నీ తెలిసి, ఇన్నాళ్లూ ఆ పూలెలా పుచ్చుకున్నావు స్వామీ?" అని అడుగుదామనుకుంది. అడగడానికి తల పైకెత్తాలి. ఎత్తలేకపోయింది.