ఏడు గోల్స్

“ఈ లిస్టులో మావాని పేరు యాడుంది మేడమ్?”

జయచంద్ర నోటీసు బోర్డు మీది కాగితం పీకి పీఈటీ కృపాకుమారి టేబుల్ మీద పెట్టాడు. అది హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు జాబితా. సాయంత్రంలోగా జిల్లాకు పంపాలి. పదహారు పేర్లున్నాయి. పదో తరగతి చదువుతున్న ఆయన కొడుకు తేజ పేరు మాత్రం లేదు.

“సెలెక్షన్లకు తేజ వచ్చినాడు సార్. ఆట చాల్లేదు.”

“చాల్లేదా!” జయచంద్ర మండలంలో పెద్ద వేరుశెనగ రైతు, పార్టీ నాయకుడు. ఆ మాట ఆయన ముందర ఎవరూ అని ఉండరు. “ఒరే ఆదెన్నా, జీపులోది ఎత్తుకరా.”

ఎప్పుడూ ఆయన వెంటే తిరిగే ఆదెన్న, టవల్లో చుట్టిన షీల్డును తెచ్చి టేబుల్ మీద నిలబెట్టాడు. దాని పక్కనే ఫ్రేము కట్టించిన ఫోటో పెట్టాడు. అందులో జట్టు మధ్యన షీల్డు పట్టుకుని ఒక గుండు మెరుస్తోంది. ఆరేళ్ల కిందట అనంతపురంలో జరిగిన పదేళ్లలోపు పిల్లల పోటీల్లో ఊరి జట్టు గెలిచిన షీల్డు అది. న్యాయంగా బడిలో ఉండాలి. జయచంద్ర ఇంట్లో టీవీ పక్కన ఉంటుంది.

“ఒక్క పొద్దులో ఏడు గోల్స్ కొట్టినాడు మావాడు. ఊరంతా ఫ్లెక్సీలు కట్టించినా. పువ్వు పుట్టగానే పరిమళిస్తాదంటారు, ఇనలేదా?”

“విన్నాను సార్. మీరు చెనిక్కాయ రైతు. జూలైలో మొలక బాగుందని దిగుబడి రాసేసుకుంటారా?”

“అన్న రాసుకుంటాడు మేడమ్,” అన్నాడు ఆదెన్న. జయచంద్ర వాణ్ని గుర్రుగా చూశాడు.

కృపాకుమారి రిజిస్టరు తెరిచింది. “ఆ పొద్దు గెలిచిన పిల్లల్లో ఇప్పుడు నా జట్టులో ఉండేది ఇద్దరే సార్. ముగ్గురు బెంగళూరికి పోయినారు. ఒకడు క్రికెట్లో పడినాడు. మిగతావాళ్లు ఆటే మానేసినారు. మా గోల్‌కీపర్ నాగేశ్వర లేడా? అదే పోటీల్లో పక్కూరి జట్టుకు ఆడి, మొదటి మ్యాచ్‌లోనే తొమ్మిది గోల్స్ వదిలినాడు. ఏడ్చుకుంటా ఇంటికి పోయి, మరుసటి దినం నుంచి ఒక్క పూట కూడా మానకుండా గ్రౌండుకు వచ్చినాడు. పదేళ్లప్పటి గెలుపు వేరు సార్, పదహారేళ్లప్పటి గెలుపు వేరు.”

“తొమ్మిది వదిలినోడు లోపల, ఏడు కొట్టినోడు బయట. బాగుండాది మీ న్యాయం! మడకశిర పక్క, కర్ణాటక బార్డర్లో ఒక పీఈటీ పోస్టు ఖాళీగా ఉండాదంట. కన్నడం వచ్చునా మేడమ్ మీకు?”

ఆమె రిజిస్టరు మూసి లేచింది. “మీ ముందరే ఐదు కిక్కులు కొట్టిద్దాం సార్. ఒక్క గోలు పడినా నా చేత్తో నేనే పేరు రాస్తా.”

తలుపు దగ్గర నిలబడ్డ తేజ గొంతు సన్నగా వినిపించింది. “వద్దులే నాయనా. ఇంటికి పోదాం రా.”

“సిగ్గుపడతాండాడు,” అన్నాడు ఆదెన్న.

గ్రౌండులో గడ్డిపోచ లేదు. ఎర్రమట్టి అట్ట కట్టి ఉంది. విషయం తెలిసి బడి బడంతా బయటికొచ్చింది. నాగేశ్వర గోల్లో నిలబడ్డాడు.

మొదటి బంతి పోస్టు పైనుంచి ఎగిరి కంపచెట్లలో పడింది.

“గాలి,” అన్నాడు జయచంద్ర.

రెండోది దొర్లుకుంటూ పోయి నాగేశ్వర కాళ్ల దగ్గర తనంతట తానే ఆగింది.

“బంతిలో గాలి లేదు,” అన్నాడు జయచంద్ర.

“పైన ఎక్కువ, లోపల తక్కువ. పిల్లోడు ఏం చేస్తాడు పాపం,” అన్నాడు ఆదెన్న.

మూడోసారి బంతి కదల్లేదు. తేజ బూటు ఊడి, నాగేశ్వర తల పక్కనుంచి నేరుగా గోల్లోకి పోయింది.

“ఇది లెక్కకొస్తాదా మేడమ్?” ఆదెన్న ఆశగా అడిగాడు.

నాలుగో కిక్కుకు జయచంద్ర పంచె ఎగ్గట్టి గ్రౌండులోకి దిగాడు. “ఏమప్పా గోలీ, నువ్వు పక్కకు జరుగు. పిల్లోనికి గోలు కనపడల్లేదు.”

నాగేశ్వర మేడమ్ వైపు చూశాడు. ఆమె తలూపింది. వాడు తప్పుకున్నాడు. ఖాళీ గోలు. తేజ కొట్టిన బంతి పోస్టుకు తగిలి వెనక్కొచ్చి, వాడి కాళ్ల సందులోంచే వెళ్లిపోయింది. ఆరో తరగతి పిల్లలు పడీపడీ నవ్వారు.

ఐదో బంతిని తేజ కొట్టలేదు. రెండు చేతులతో ఎత్తుకుని రొమ్ముకు పట్టుకున్నాడు. జయచంద్ర పోయి వాడి భుజం పట్టి ఊపాడు.

“ఏడు గోల్స్ కొట్టిన కాలు యాడికి పోయిందిరా?”

తేజ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా బంతిని వదలకుండానే చెప్పేశాడు.

“ఆ పొద్దు నేను అనంతపురానికే పోలేదు నాయనా. జరమొచ్చి పండుకోనుంటి. నువ్వు పార్టీ మీటింగుకు పోయింటివి. ఒకరు తక్కువైతే టీమును ఆడనియ్యమన్నారంట. దాంతో అమ్మే... నువ్వేమో వచ్చీరాగానే ఫ్లెక్సీలు కట్టించేసినావు. చెప్పేకి భయమేసింది.”

“మరి ఫోటోలో ఆ గుండు నీది కాదా?”

“పోటీల ముందర కదిరి గుళ్లో ఆ గుండు మా ఇద్దరికీ కొట్టించింటిరి కదా.”

నవ్వులు ఆగిపోయాయి. ఆదెన్న చంకలో పెట్టుకొచ్చిన ఫోటోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూస్తున్నాడు. జయచంద్ర చెయ్యి కొడుకు భుజం మీదినుంచి జారింది.

“ఇద్దరికీ అంటే?”

“ఆ కాలు మనింట్లోనే ఉండాది నాయనా. పోయినేడు బూట్లు కొనియ్యమంటే, ఆడపిల్లకు బంతేందని చెంప పగలగొట్టినావే, నాతోపాటే పుట్టిన పద్మక్క, ఆమెది.”